ముప్పయ్యో ఏటి బోర్డు

రెండు బోర్డులూ కొండ కింది గుడిసెలో గోడకు ఆనించి ఉన్నాయి. ఒకదాని ముక్కు మీద సుద్దతో ఒక గీత, రెండోదాని మీద రెండు గీతలు. చిహారు వాటి ముందు స్టూలు వేసుకుని కూర్చుని అప్పటికి అరగంటయింది. ఏది సరైన బోర్డో ఆమెకు తేలడం లేదు. కొలిస్తే రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కి మంచులోకి దిగితే రెండూ తప్పుగానే నడుస్తున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆమె ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

ఇయామా ఊళ్ళో కాజాహానా కంపెనీకి ఆ ఆదివారంతో ముప్పై ఏళ్ళు నిండాయి. కంపెనీ అంటే వెనకటి రోజుల్లో బుద్ధుడి పూజామందిరాలకు లక్క పూసిన ఒక షెడ్డు, అందులో పొరలు అతికించి నొక్కే ఒక ప్రెస్సు, తొమ్మిది మంది మనుషులు. ఏడాదికి మూడు వందల చిల్లర మంచు బోర్డులు అక్కడ తయారవుతాయి. ఏటా ఫిబ్రవరి రెండో ఆదివారం ఊరి చివర, రెండే లిఫ్టులున్న చిన్న కొండ కింద వార్షికోత్సవం చేస్తారు. ఆ రోజు అమ్మకాలుండవు. పాత కొనుగోలుదారులు తమ బోర్డులతో వస్తారు, తింటారు, జారతారు, పోతారు.

యజమాని కిజిమాకు డెబ్బై ఒకటి. అందరూ ఆయనను షాచో, అంటే కంపెనీ పెద్ద, అనే పిలుస్తారు. చెవి వెనక ఎప్పుడూ ఒక వడ్రంగి పెన్సిలు ఉంటుంది. కంపెనీలో ప్రతి బోర్డు ఆకారమూ ఆ పెన్సిలుతో గీసిందే. కొనడానికి ఎవరొచ్చినా ఆయన పద్ధతి ఒకటే. వచ్చినవాళ్ళను మట్టినేల మీద కళ్ళు మూసుకుని నిలబడమంటాడు. వాతావరణం గురించి ఏదో మాట్లాడుతూ వెనక్కి వెళ్ళి, రెండు భుజాల మధ్య అరచేత్తో మెల్లగా ఒక నెట్టు నెడతాడు. పడిపోకుండా ఆపుకోవడానికి ఏ కాలు ముందుకు పడితే బోర్డు మీద ఆ కాలే ముందుండాలి. తర్వాతే బోర్డు మాట. ముప్పై ఏళ్ళలో ఆయన అలా నెట్టినవాళ్ళు వేలల్లో ఉంటారు.

నవంబరులో ఒకరోజు ఆయన చిహారును పిలిచాడు.

"ముప్పయ్యో ఏడు కదా. మొదటి బోర్డు మళ్ళీ చేద్దాం. ముప్పై బోర్డులు," అన్నాడు.

"ఆకారం గీసుకునే అచ్చు పలక లేదు కదండీ, షాచో. మంచుకు షెడ్డు పైకప్పు కూలినప్పుడు పోయింది."

"బోర్డు ఉందిగా. దాన్ని చూసి నువ్వు గీయి. రెండు నమూనాలు చెయ్యి. ఏది సరైనదో నువ్వే చెప్పు."

"మీరు చూడరా?"

"చూడను. ఈ ఏటితో గీయడం మానేస్తున్నా. నువ్వు తేల్చలేకపోతే నాగానో పట్నంలో కంప్యూటర్లో గీసిచ్చే వాళ్ళున్నారట. ఇక మీదట వాళ్ళకే ఇద్దాం."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళుగా ఆ షెడ్డులో అంచులు రుద్దుతూ, పొరలు పేరుస్తూ చిహారు ఎదురు చూసింది ఆ గీతబల్ల కోసమే. అది చేతికి రావడమూ చేజారడమూ రెండూ ఒకే వాక్యంలో చెప్పేశాడని ఆమెకు ఇంటికి వెళ్ళాక గాని తట్టలేదు.

ఆ మొదటి బోర్డు మామూలు బోర్డు కాదు. దాని రెండు అంచులూ ఒకలా ఉండవు. బోర్డు మీద మనిషి పక్కకు తిరిగి నిలబడతాడు. కాలివేళ్ళు ఒక అంచు వైపు, మడమలు రెండో అంచు వైపు ఉంటాయి. మడమలకు వేళ్ళంత పట్టు ఉండదని, మడమవైపు అంచును కిజిమా కొంచెం లోతుగా వంపు తీశాడు. కంపెనీ దుకాణం గుమ్మం మీద ముప్పై ఏళ్ళుగా వేలాడుతున్న అదొక్కటే మిగిలింది. రెండో రకం బోర్డు నుంచీ ఈనాటి దాకా కాజాహానాలో అన్నీ రెండు వైపులా సమానమైన బోర్డులే. అలా ఎందుకు మారాడో ఎవరికీ తెలియదు. ఒక పత్రికవాడు మాత్రం, మనిషికి రెండు వైపులూ సమానమే అన్నది కిజిమా గారి సిద్ధాంతం అని రాశాడు. ఆ కాగితం చట్రం కట్టించి దుకాణంలో పెట్టారు.

చిహారు ఆ బోర్డును దింపి, పలక మీద పెట్టి గీసింది. ఏటా తుప్పు గీకి సాన పట్టడంతో అంచుల ఇనుము ముప్పై ఏళ్ళలో అరిగిపోయింది కనుక ఇప్పుడున్న ఆకారం మొదటి ఆకారం కాదని ఆమె అనుమానం. అందుకే ఒక గీత బోర్డును ఉన్నది ఉన్నట్టుగా, రెండు గీతల బోర్డును అరుగుదల కలిపి చేసింది. అయితే వారం రోజులుగా రెంటినీ ఎక్కి చూస్తోంది. వేళ్ళవైపు తిప్పితే గాబరాపడి కరుచుకుంటున్నాయి. మడమవైపు తిప్పితే బద్ధకంగా బారుగా పోతున్నాయి. మడమకు సాయం చెయ్యాల్సిన బోర్డు మడమనే ఎందుకు వదిలేస్తోందో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

"ఇంకా పూజ అవలేదా?"

ప్రెస్సు మీద పనిచేసే ఒబాతా లోపలికి వచ్చి బూట్ల మంచు దులుపుకున్నాడు. అరవై దాటిన మనిషి. కంపెనీ పెట్టిన రెండో ఏట చేరాడు.

"ఏదీ బాగా లేదు, ఒబాతా సాన్."

"బాగాలేకపోవడానికి నువ్వేమన్నా ముత్యాల హారం బేరం చేస్తున్నావా? ఒక గీతది చెప్పెయ్. కొలతకు కొలత సరిపోయింది. నా ముందేగా చూశాం."

నిజమే. ఇద్దరూ కలిసే చూశారు. అక్కడ బోర్డులు సరిచూసే పద్ధతి అది. రెండు బోర్డుల అడుగులు ఒకదానికొకటి ఆనించి, నడుము దగ్గర పట్టుకుని, ఇనుప అంచుల మీదుగా బొటనవేలు పోనిస్తారు. వేలికి మెట్టు తగలకపోతే రెండూ ఒకటే. పాత బోర్డు అడుగుకు ఒక గీత బోర్డు అడుగు ఆనిస్తే ముక్కు నుంచి తోక దాకా ఎక్కడా వేలికి తగల్లేదు. రెండు గీతలది చుట్టూ వెంట్రుకవాసి బయటికి ఉంది. అదీ అనుకున్నదే.

"కొలత సరిపోతే నడకెందుకు సరిపోవట్లేదు?"

"మొదటి బోర్డు అలాగే నడిచేదేమో. నేను దాన్ని ఎక్కలేదు. ఎక్కిన మనిషి బయట పులుసులో గరిటె తిప్పుతున్నాడు, పోయి అడుగు."

"షాచో చెప్పనన్నారు."

"అయితే నేనూ చెప్పను," అని ఒబాతా ఒక బిస్కెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

అంతలో తలుపు తోసుకుని షిగెనో వచ్చింది. నొజావా వేడినీటి బుగ్గల దగ్గర సత్రం నడుపుతుంది. యాభై ఎనిమిదేళ్ళు. ప్రతి వార్షికోత్సవానికీ ఒక సీసాడు ఆవాకు ఊరగాయతో దిగుతుంది, ఊరంత గొంతుతో.

"చిహారు చాన్, నా కాలిపట్టీ తెగిపోయింది. ఇరవై ఏళ్ళు వాడాను, ఇవాళే తెగాలా? ఏదన్నా బోర్డు ఇవ్వు."

"ఇవాళ అద్దె బోర్డులు తేలేదండీ."

"మరి అవేంటి, దేవుడి పటాల్లా?"

"అవి నమూనాలు. సరిగ్గా నడవట్లేదు."

"నేను మాత్రం సరిగ్గా నడుస్తున్నానా, మోకాళ్ళు చూడు. అదిగో, ఆ రెండు గీతలది ఇటు పడెయ్."

చిహారు బోర్డు తీసింది. పట్టీలు ఊడదీసి, షిగెనోకు కుడికాలు ముందుండేలా తిప్పి బిగించింది. ఆమెను కిజిమా ఎప్పుడో నెట్టి కుడికాలని తేల్చాడు. షిగెనో బోర్డు చంకన పెట్టుకుని లిఫ్టు వైపు వెళ్ళింది.

పావుగంటకు తిరిగొచ్చింది. ముఖం ఎర్రగా వెలుగుతోంది.

"ఇది సరిగ్గా నడవట్లేదన్న పెద్దమనిషి ఎవరు?"

"నేనే."

"నీ కళ్ళు కాదు, కాళ్ళు చూపించుకో డాక్టరుకి. మడమ మీద తిరుగుతుంటే ఎవరో నడుం పట్టుకుని తిప్పినట్టుంది. ఇరవై ఏళ్ళలో నాకిలా తిరగలేదు."

"మడమ మీదా? వేళ్ళ మీద కాదా?"

"నా మడమలేవో నాకు తెలీవా?"

చిహారు ఇక ఆగలేదు. బోర్డు లాక్కున్నంత పని చేసి, పట్టీలు మళ్ళీ తన ఎడమకాలు ముందుండేలా తిప్పుకుని పైకి వెళ్ళింది. మంచు మెత్తగా, చల్లగా, అంతకన్నా మంచి మంచు అడగక్కర్లేనంత బాగుంది. వేళ్ళవైపు తిప్పింది. కరుచుకుంది. మడమవైపు తిప్పింది. బారుగా పోయి, వాలు అంచున కట్టిన వల దగ్గర ఆగింది. ఆ వల పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. కింద పిల్లలు అరుస్తున్నారు, పులుసు ఆవిరి పైకి లేస్తోంది. అదే బోర్డు, అదే కొండ. షిగెనోకు తిరిగింది తనకెందుకు తిరగడం లేదు? బోర్డుది కాకపోతే తప్పు తనదే కావాలి. పదకొండేళ్ళుగా తాను సరిగ్గా నడిపాననుకున్న బోర్డులన్నీ నిజంగా ఎలా నడిచాయో ఇప్పుడు ఎవరు చెప్పాలి? కాళ్ళనే నమ్మలేని మనిషి గీత ఎలా గీస్తుంది?

కిందికి వచ్చేసరికి ఆమె నిర్ణయించుకుంది. షాచోకు క్షమాపణ చెప్పి, నాగానో వాళ్ళకే ఇచ్చేయమంటుంది. ఆ బోర్డుల కోసం ముప్పై మంది పేర్లు ఇచ్చి ఎదురు చూస్తున్నారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి వాళ్ళ కాళ్ళ కింద పెట్టడం తన వల్ల కాదు.

గుడిసెలో పొడుగు బల్లల మీద భోజనాలు పెట్టారు. వెదురాకు మీద అన్నమూ అడవికూరలూ పరిచిన సాసాజుషి, పంది మాంసం పులుసు, షిగెనో ఊరగాయ. అతిథులకోసం మొదటి బోర్డును దుకాణం నుంచి తెచ్చి గోడకు తగిలించారు. దానికింద చిహారు చేసిన అచ్చు పలక. కిజిమా బల్ల చివర కూర్చుని ఆమె వైపు ఒకసారి చూశాడు. తిన్న తర్వాత చెప్పు అన్నట్టు తల ఊపాడు.

అందరూ చేతులు జోడించారు. తినే ముందు చెప్పుకునే ఇతదాకిమాసు అన్నారు.

చిహారు కూడా చేతులు జోడించింది. జోడించిన చేతులు విడదీయలేదు.

ఎడమ అరచేతికి కుడి అరచేయి ఆనుకుని ఉంది. వేలికి వేలు, బొటనవేలికి బొటనవేలు. ఎక్కడా మెట్టు లేదు. అంత చక్కగా కలిశాయి కదా అని కుడి చేతికి ఎడమ చేతి తొడుగు తొడుక్కుంటే పడుతుందా?

"అన్నం చల్లారిపోతుంది. అంతసేపు ఏం మొక్కుతున్నావ్?" అన్నాడు పక్కనున్న ఒబాతా.

"ఒబాతా సాన్, ఒక్కసారి రండి."

"పులుసు..."

"రండి."

ఆమె మొదటి బోర్డు దింపింది. ఒక గీత బోర్డు తెచ్చి అడుగుకు అడుగు ఆనించింది. ఒబాతా అలవాటుగా బొటనవేలు పోనిచ్చాడు. ఎక్కడా తగల్లేదు.

"బాగానే ఉందిగా."

"ఇప్పుడు చూడండి."

ఆమె రెంటినీ బల్ల మీద ఒకదాని మీద ఒకటి, రెండూ వెల్లకిలా, ముక్కులు ఒకే వైపుకు పెట్టింది. ఒకవైపు పాత బోర్డు అంచు వేలి మందాన బయటికి వచ్చింది. రెండోవైపు కొత్తది వచ్చింది.

ఒబాతా నోటిలో ఊరగాయ ముక్క నమలడం ఆపాడు. "ఇదెప్పుడు జరిగింది?"

"మొదటి రోజే. అడుగున షాచో వేసిన బొమ్మ గీసుకుపోతుందని బోర్డును బోర్లా పెట్టి గీశాను. పలక తిరగేయలేదు."

"పలక ఎటుంటే ఏంటి? మనం ఎప్పుడన్నా..." అంటూ ఒబాతా ఆగిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను సమానమైన బోర్డులే పిండాడు. వాటికి పలక ఏ ముఖం పైకున్నా ఒకటే, అడుగుకు అడుగు ఆనించినా ఒకటే. ఆ షెడ్డులో పలకకు రెండు ముఖాలుంటాయన్న సంగతి తలచుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. "తప్పుడు బోర్డు చేసి, తప్పు దొరకని పద్ధతిలో సరిచూశామన్న మాట," అన్నాడు చివరికి.

"నేను చేశాను."

"వేలు నాదేగా."

కిజిమా ఎప్పుడు లేచి వచ్చాడో ఇద్దరూ చూడలేదు. చిహారు వంగి నమస్కరించింది.

"షాచో, రెండూ తప్పే. తిరగబడి వచ్చాయి. ఎడమకాలు ముందున్నవాళ్ళకు పనికిరావు. కుడికాలు వాళ్ళకు, షిగెనో సాన్‌కు, సరిపోయింది. తప్పు నాది. ఇంక మీరు..."

"ఉండు."

ఆయన రెండు గీతల బోర్డును తీసుకున్నాడు. నిలబెట్టాడు. తోక నేలకు ఆనించి, పైముఖం తనవైపు తిప్పుకుని, మడమవైపు వంపు మీద చేయి పైనుంచి కిందికి పోనిచ్చాడు. మళ్ళీ పోనిచ్చాడు.

"నేను గీసింది ఇదే," అన్నాడు.

"ఏదండీ?"

"మొదట్లో. కాగితం మీద." బల్ల మీదున్న పాత బోర్డును గడ్డంతో చూపించాడు. "ప్రెస్సులోంచి వచ్చింది అది. ఎందుకలా వచ్చిందో నాకర్థం కాలేదు. కుడికాలు ముందు పెట్టి వారం రోజులు పడ్డాను. మడమ వదిలేసేది."

"వేళ్ళ మీద కరుచుకునేదా?" అంది చిహారు.

"కరుచుకునేది. ఎనిమిదో రోజు విసుగొచ్చి ఎడమకాలు ముందు పెట్టాను. నడిచింది. ఓహో, నేను ఎడమకాలి మనిషినన్న మాట అనుకున్నా."

"మరి ఆ సిద్ధాంతం?" ఒబాతా అడిగాడు. "రెండు వైపులూ సమానమని?"

"అది పత్రికవాడిది. నాకు మళ్ళీ అలాంటి బోర్డు గీయాలంటే భయమేసింది. సమానంగా ఉంటే ఎటొచ్చినా ఒకటే కదా అనుకున్నా. అంతే."

ఎవరో నవ్వబోయి దగ్గారు. చిహారు నవ్వలేదు. ఆమె మనసులో మరో సంగతి మెదులుతోంది. అడగవచ్చునో లేదో తెలియలేదు. పదకొండేళ్ళలో ఆయన చొక్కా చేయి కూడా తాకి ఎరగదు.

"షాచో, మిమ్మల్ని ఎవరన్నా నెట్టారా? వెనకనుంచి?"

"నన్నెవరు నెడతారు? నెట్టేది నేను."

"మీరు ఒకసారి కళ్ళు మూసుకోండి."

ఆయన ఆమెను చూశాడు. తర్వాత షిగెనోను చూశాడు. షిగెనో ఊరగాయ పళ్ళెం కింద పెట్టేసి చేతులు తుడుచుకుంటోంది, తను నెట్టడానికి సిద్ధమన్నట్టు. అది చూసి ఆయన గబుక్కున కళ్ళు మూసుకున్నాడు.

"ఈ చలి ఈ వారమంతా ఉంటుందట," అంది చిహారు వెనక్కి నడుస్తూ. "పై ఊళ్ళో నిన్న మూరెడు పడిందట."

రెండు భుజాల మధ్య అరచేయి ఆనించి మెల్లగా నెట్టింది.

ఆయన కుడికాలు ముందుకు పడింది.

గుడిసె అంతా ఆ కాలి వంకే చూసింది. కిజిమా కూడా కళ్ళు తెరిచి, ఎవరిదో అన్నట్టు దాన్నే చూశాడు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇంకోసారీ కుడికాలే.

"ముప్పై ఏళ్ళు మమ్మల్నందర్నీ నెట్టి, తమరు మాత్రం తప్పుడు కాలి మీద నడిచారన్న మాట," అంది షిగెనో.

"నడిచింది కదా," అన్నాడు కిజిమా, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. చిహారు వైపు తిరిగాడు. "అయితే ఏది సరైనది?"

చిహారు రెండు బోర్డులనూ చూసింది. పాత బోర్డు తప్పు. ఆ తప్పును తను తప్పుగా గీస్తే ఒప్పు వచ్చింది. కానీ తనలాంటి ఎడమకాళ్ళ వాళ్ళకు పాతదే ఒప్పు. ఆలోచించిన కొద్దీ మాటలు ఒకదాని కాళ్ళకు ఒకటి అడ్డం పడుతున్నాయి. ఒక్క సంగతి మాత్రం తెలుసు. షిగెనో కిందికి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో తను చూసింది. మడమ వదిలేస్తే ఎలా ఉంటుందో కూడా, ఆ పైన వల పట్టుకున్నప్పుడు, బాగా తెలిసింది.

"రెండు గీతలది. అరుగుదల కలిపి చేసినది," అంది. "కానీ ముప్పై ఒకే వైపు చెయ్యొద్దు. ముందు ముప్పై మందినీ నెట్టాలి. తర్వాత ఒక్కొక్కరికీ పలక ఎటు తిప్పాలో చూడాలి."

"పేర్లిచ్చిన వాళ్ళందర్నీనా? ఒకాయన ఎక్కడో దూరాన క్యూషూ దీవిలో ఉన్నాడు," అన్నాడు ఒబాతా.

"రమ్మనండి. నెట్టకుండా బోర్డెలా ఇస్తాం?"

కిజిమా రెండు గీతల బోర్డు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, చెవి వెనకనుంచి పెన్సిలు తీసి చిహారు చేతిలో పెట్టాడు.

"మంచులో పడితే దొరకదు. పట్టుకో."

పిల్లల వాలు మీద, అంతా చూస్తుండగా, ఆయన పట్టీలు తిప్పి, కుడికాలు ముందు పెట్టి బిగించుకున్నాడు. నాలుగు గజాలు పోయి కూలబడ్డాడు. లేచాడు. పది గజాలు పోయి మడమవైపు ఒక వంపు తిరిగాడు, నిక్కచ్చిగా, కొండ కాగితం అయినట్టు. వేళ్ళవైపు తిరగబోయి మళ్ళీ పడ్డాడు. ఐదేళ్ళ పిల్ల ఒకతె ఆగి, లేవడానికి ఆయనకు చెయ్యందించింది.

"అంబులెన్సుకు ఫోన్ చెయ్యనా, పులుసు తాగనా?" అన్నాడు ఒబాతా.

"తాగండి," అంది చిహారు.

ఆమె లోపలికి వెళ్ళి పలకను బల్ల మీద పెట్టింది. పెన్సిలు పొట్టిది, ఆయన పళ్ళ గాట్లతో ఉంది. ఒక ముఖం మీద 'ఎడమ' అని రాయబోయి ఆగింది. ఇది పైముఖమా, అడుగుముఖమా? పలక తిరగేసింది. మళ్ళీ తిరగేసింది. ఇందాక అంత స్పష్టంగా తెలిసింది ఇప్పుడు మళ్ళీ అలుక్కుపోయింది.

పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, చుట్టూ ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, రెండు చేతులూ జోడించి కాసేపు చూసుకుంది. తర్వాత రాసింది.